మన పాటకు లైసెన్సు ఎవరివ్వాలి?

సొంత వెబ్‌సైటు పెట్టుకున్న మనిషి అందులో నాలుగు పాటలు వినిపించాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలి? అమ్మకం లేదు, ప్రకటనలు లేవు, నచ్చిన పాట నలుగురూ వినాలన్నదే కోరిక అయినా అనుమతి కావాలా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఈ ప్రశ్న ముగ్గురికి మూడు రకాలుగా ఎదురవుతుంది. పాత సినిమా పాటలు పోగుచేసుకున్న అభిమాని మొదటివాడు. ఊళ్లో ఒగ్గుకథ, బతుకమ్మ పాట, నాట్ల పాట పాడే పెద్దలుండగానే రికార్డు చేసి దాచాలనుకునేవాడు రెండోవాడు. సొంతంగా పాట కట్టి, స్టూడియోలో పాడించి, దుబాయిలో ఉన్న ఊరివాళ్లకూ వినిపించాలనుకునేవాడు మూడోవాడు. ముగ్గురికీ చట్టం ఒకటే, చిక్కులు మాత్రం ఒకటి కావు.

ఈ చర్చ ఎప్పుడు లేచినా మనల్ని మనం కంపెనీల గుమ్మం ముందు లైసెన్సు అడుగుతూ నిలబడ్డవాళ్లుగానే ఊహించుకుంటాం. ఈ నేల సంగతి చూస్తే అది సగం నిజమే. కవి సి. నారాయణరెడ్డి (సినారె) పుట్టిన హనుమాజీపేట సిరిసిల్ల జిల్లాలో ఉంది. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ అదే ఊరు. 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్ జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచే లోకమంతా తిరిగింది. 2023లో వచ్చిన ‘బలగం’ దర్శకుడు వేణు ఎల్దండిది సిరిసిల్ల. ఆ సినిమాను ఈ పల్లెల్లోనే తీశారు, దాని ముగింపును బుడగజంగాల గొంతు మీద నిలబెట్టారు. పాట కొనుక్కునే ప్రాంతం కన్నా పాట పుట్టించే ప్రాంతంగానే దీన్ని చూడాలి. అందుకే ఈ సమీక్షలో లైసెన్సు అడిగేవాడి వైపు నుంచి ఎంత చూస్తామో, ఇవ్వగలిగినవాడి వైపు నుంచీ అంతే చూద్దాం.

పాట ఒకటి, హక్కులు నాలుగు

1957 నాటి కాపీరైట్ చట్టం పాటను ఒకే వస్తువుగా చూడదు. పదాలు సాహిత్య రచన. బాణీ సంగీత రచన. మన చట్టం సంగీత రచనకు ఇచ్చిన నిర్వచనంలోంచి పదాలను స్పష్టంగా తీసేసింది, కాబట్టి ఈ రెండూ వేర్వేరు ఆస్తులు. స్టూడియోలో తయారైన రికార్డింగు మూడోది. దాని హక్కు మామూలుగా నిర్మాతది, అతని దగ్గర కొన్న ఆడియో కంపెనీది. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ఉండే ప్రదర్శకుల హక్కు నాలుగోది.

సిరిసిల్ల మరమగ్గం మీద దిగిన బట్టలో నూలు యజమానిది, మగ్గం ఆసామిది, రెక్కల కష్టం కార్మికుడిది. కూలి లెక్క తేలితే అక్కడితో ఆ బట్ట మీద ముగ్గురి మాటా ముగుస్తుంది. పాట లెక్క అలా ముగియదు. ఎన్ని చోట్ల వినిపిస్తే అన్నిసార్లు ఖాతా మళ్లీ తెరుచుకుంటుంది.

ఆ ఖాతాలో ఎవరి పేరు ఉండాలన్న దాని మీదే యాభై ఏళ్లుగా పోరు నడుస్తోంది. రచయితలు, సంగీత దర్శకుల సంఘమైన ఐపీఆర్ఎస్ 1969లో ఏర్పడింది. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకు నిర్మాతే తొలి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్, పాడే గొంతుకు మన చట్టంలో ఏ రక్షణా లేదని ఎత్తిచూపారు. ఆ లోటు తీరడానికి 1994 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. సినిమా పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు కాపీరైటు అమ్ముకున్నా సరే, థియేటర్లో సినిమాతో పాటు వినిపించడం తప్ప మిగతా వాడకాలన్నిటి మీదా రాయల్టీలో సమాన వాటా వదులుకోవడం కుదరదంది. వదులుకున్నట్టు ఎవరైనా రాయించుకున్నా ఆ రాత చెల్లదు. సినిమా కాని పాటలకూ ఇదే రక్షణ ఉంది.

2017 మార్చిలో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి, తన బాణీలు అనుమతి లేకుండా పాడొద్దంటూ ఇళయరాజా లాయర్ నోటీసు పంపినప్పుడు తెలుగువాళ్లు చాలామంది ఆశ్చర్యపోయారు. పాడింది బాలూ అయితే ఆయనకు అనుమతి ఎందుకని అడిగారు. గొంతు హక్కు వేరు, బాణీ హక్కు వేరు అన్న సంగతి సామాన్య శ్రోత దాకా చేరింది ఆ నోటీసుతోనే.

ఎవరూ వినకపోయినా వినిపించినట్టే

వెబ్‌సైటు వాళ్లు సాధారణంగా చెప్పుకునే సమర్థనలు నాలుగు. డబ్బు తీసుకోవడం లేదు. రచయిత, గాయకుల పేర్లు వేశాం. ముప్పై సెకన్లే వాడాం. రోజుకు పదిమంది కూడా వినరు. వీటిలో ఏదీ అనుమతికి బదులు కాదు.

2012 సవరణ తర్వాత ‘ప్రజలకు అందించడం’ అన్నదాన్ని చట్టం చాలా వెడల్పుగా నిర్వచించింది. జనం తమకు వీలైన చోట, వీలైన వేళ వినగలిగేలా అందుబాటులో పెడితే చాలు, నిజంగా ఎవరైనా విన్నారా లేదా అన్నది అక్కర్లేదు. సెకన్ల లెక్కతో మినహాయింపు చట్టంలో ఎక్కడా లేదు. పేరు వేయడం మర్యాద, రచయిత నైతిక హక్కు కూడా. అయినా పేరు వేసినంత మాత్రాన అనుమతి దొరికినట్టు కాదు. లాభాపేక్ష లేకపోవడం శిక్ష తగ్గడానికి పనికొస్తుంది, తప్పును మాత్రం చెరపదు.

సెక్షన్ 52లో మినహాయింపుల పెద్ద జాబితా ఉంది. సొంత వినియోగం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తా కథనం అందులో ఉన్నాయి. ఒక పాట బాణీని విశ్లేషిస్తూ రెండు చరణాల మధ్య తేడా చూపడానికి చిన్న ముక్క వినిపించడం వేరు, వ్యాసం పక్కన పాటంతా పెట్టడం వేరు. మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి అనుబంధమైన సంబరాల్లో పాటలు వినిపించడానికి అనుమతి అక్కర్లేదనీ ఆ సెక్షన్ చెబుతుంది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల ప్రోత్సాహక విభాగం ఈ సంగతిని బహిరంగ ప్రకటనతో గుర్తుచేసింది కూడా. బరాత్‌లో డీజే పెట్టుకుంటే ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేదు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. గల్ఫ్‌లో ఉన్న అన్నకో మేనమామకో చూపించడానికి పెళ్లిని యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వడం ఈ ప్రాంతంలో మామూలైపోయింది. ఊరేగింపు కోసం ఇచ్చిన మినహాయింపు, ఆ వీడియో ఏళ్ల తరబడి ఛానల్లో ఉండటానికీ వర్తిస్తుందని వాదించి నెగ్గడం కష్టం. యూట్యూబ్‌లో 2007 నుంచి ఉన్న కంటెంట్ ఐడీ యంత్రానికి పెళ్లి, పండగ తేడా తెలియదు. పాట ఆనవాలు దొరికితే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది, లేదా ఆ చోట శబ్దం ఆగిపోతుంది. చట్టం ఇచ్చిన వెసులుబాటును యంత్రం ఇవ్వదు.

అరవై ఏళ్ల లెక్క

గడువు తీరిన పాటలు స్వేచ్ఛగా వాడుకోవచ్చన్నది నిజమే. కానీ నాలుగు హక్కులకు గడువు ఒకేసారి తీరదు. రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పదాలకు, బాణీకి వాటి కర్త చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ప్రదర్శకుల హక్కుకు 50 ఏళ్లు. మొదట ఈ 60 కూడా 50గానే ఉండేది. 1941లో కన్నుమూసిన రవీంద్రనాథ్ టాగోర్ రచనల గడువు 1991తో ముగియబోతుంటే ప్రభుత్వం పదేళ్లు పెంచింది.

1957లో వచ్చిన ‘మాయాబజార్’ను తీసుకుందాం. ఆ పాటల రికార్డింగు హక్కు 2017 చివరితో ముగిసింది. పదాలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కనుక సాహిత్యం 2031 చివరిదాకా రక్షణలో ఉంటుంది. ఘంటసాల 1974లో పోయారు, ఆయన బాణీలు 2034 దాకా. ఆ సినిమాలో కొన్ని బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు 1999లో పోయారు, అవి 2059 దాకా. అంటే పాత గ్రామఫోను రికార్డు చేతిలో ఉండి, దాని మీద కంపెనీకి హక్కు తీరిపోయినా, ఆ పాటను సైటులో పెట్టాలంటే పదాలకు, బాణీకి అనుమతి ఇంకా కావాలి. అదే పాటను కంపెనీ కొత్తగా శుభ్రం చేసి విడుదల చేసిన ప్రతిని వాడితే, దాని మీద వేరే హక్కు ఉందన్న వాదనా ఎదుర్కోవాలి.

సినారె లెక్క ఇంకా దూరం పోతుంది. ఆయన సినిమాకు పాటలు రాయడం మొదలైంది 1962 నాటి ‘గులేబకావళి కథ’తో. ఆ రికార్డింగుల హక్కు 2022తో తీరింది. కవి 2017లో కన్నుమూశారు కనుక ఆ పదాలకు 2077 చివరిదాకా గడువుంది. ఆయన సొంత జిల్లాలో ఆయన పాటల పేజీ పెట్టాలనుకునే పిల్లలకు కూడా ఇదే లెక్క.

పూర్తిగా స్వేచ్ఛగా ఉన్నదీ మన దగ్గరే ఉంది. జగిత్యాల జిల్లా ధర్మపురి నరసింహుని మీద శేషప్ప కవి చెప్పిన శతకానికి ఏ గడువూ మిగల్లేదు. ఎవరైనా పాడవచ్చు, ఎక్కడైనా వినిపించవచ్చు. ఇంకొకరు కొత్తగా బాణీ కట్టి పాడిన రికార్డింగును ఎత్తుకుని పెట్టకూడదు, అంతే. ఫోను ముందు కూర్చుని సొంత గొంతుతో పాడుకుంటే ఆ రికార్డింగు మీది హక్కులన్నీ పాడినవాళ్లవే.

రేడియోకు ఉన్న దారి వెబ్‌సైటుకు లేదు

ఒక్కొక్కరిని వెతికి అనుమతి అడగడం అయ్యే పని కాదని రేడియోల విషయంలో చట్టం ఒప్పుకుంది. 2012లో వచ్చిన సెక్షన్ 31డి ప్రకారం ప్రసార సంస్థ ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రాయల్టీ కట్టి, విడుదలైన ఏ పాటనైనా ప్రసారం చేయవచ్చు. యజమాని కాదనడానికి లేదు.

ఇంటర్నెట్‌కూ ఇదే వర్తిస్తుందా అన్నది పెద్ద వివాదమైంది. వర్తిస్తుందని 2016 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వ విభాగం ఒక మెమోరాండం ఇచ్చింది. దాన్ని ఆసరా చేసుకుని ఎయిర్‌టెల్‌కు చెందిన వింక్ మ్యూజిక్, టిప్స్ కంపెనీ పాటలకు చట్టబద్ధ లైసెన్సు కోరింది. 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టులో జస్టిస్ కథావాలా ఆ వాదన తోసిపుచ్చారు. సెక్షన్ చెప్పింది రేడియో, టెలివిజన్ ప్రసారాల గురించేననీ, కోరుకున్నప్పుడు కోరుకున్న పాట వినిపించే సేవ అందులోకి రాదనీ, మెమోరాండం చట్టాన్ని మార్చలేదనీ అన్నారు. 2022 అక్టోబరులో ఇద్దరు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును సమర్థించింది. వింక్ 2024లో మూతపడింది కానీ తీర్పు నిలిచే ఉంది.

రెండు వైపులా న్యాయం లేకపోలేదు. తమ సరుకు ధర తామే పెట్టుకునే స్వేచ్ఛ ఉండాలని కంపెనీలంటాయి. చేతిలో పెద్ద జాబితా ఉన్న కంపెనీ కాదంటే కొత్త సేవలు పుట్టవని యాప్‌లవాళ్లంటారు. ఈ రెండు పెద్ద గొంతుల మధ్య వినపడనిది లాభం ఆశించని చిన్న సైటు మాట. కోట్ల వ్యాపారం చేసే యాప్‌కు కంపెనీతో బేరమాడే బలం ఉంది. కోరుట్లలో గది అద్దె కడుతూ సైటు నడిపే మనిషికి ఆ బలం లేదు, కోర్టు తలుపు మూసింది మాత్రం ఇద్దరికీ.

మరి ఎవరిని అడగాలి?

దారి సూటిగానే ఉంది, ఖర్చు, ఓపిక మాత్రం కావాలి. పదాలు, బాణీల కోసం ఐపీఆర్ఎస్‌ను అడగాలి. ఆ సంఘానికి కాపీరైట్ సొసైటీగా 2017లో మళ్లీ గుర్తింపు వచ్చింది. ఆ రచయిత, సంగీత దర్శకుడు అందులో సభ్యులా అన్నది చూసుకోవాలి. రికార్డింగుకు కంపెనీనే అడగాలి. పాత తెలుగు పాటల్లో పెద్ద వాటా హెచ్ఎంవీ వారసురాలు సరిగమది. తర్వాతి కాలానివి ఆదిత్య, లహరి, టీ సిరీస్, సోనీ, మ్యాంగో వంటి కంపెనీల్లో చెదిరి ఉన్నాయి. ఒక చోట అనుమతి దొరికినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు.

అభిమాని తానే ఆ పాట పాడి పెడితే రికార్డింగు అనుమతి అవసరం తప్పుతుంది. పదాలకు, బాణీకి అనుమతి మాత్రం తప్పదు. పాట రికార్డై ఐదేళ్లు దాటాక మరొకరు కవర్ వెర్షన్ చేసుకునే వీలు సెక్షన్ 31సిలో ఉంది. అయితే ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ ముందే కట్టాలనే నిబంధన చూస్తే, అది క్యాసెట్లు, సీడీల వ్యాపారం కోసం రాసిన సెక్షన్ అని తెలిసిపోతుంది. అభిమాని గొంతుకు అందులో చోటు లేదు.

ఫైలును సొంత సర్వర్‌లో పెట్టకుండా, కంపెనీ తన అధికారిక ఛానల్లో పెట్టిన వీడియోను యూట్యూబ్ ప్లేయర్‌తోనే సైటులో చూపడం అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి. ఎంబెడ్ చేసుకునే వీలు ఛానల్ యజమాని తీసేయకపోతే అది యూట్యూబ్ షరతులకు లోబడే ఉంటుంది. ప్రకటనల డబ్బు అటే పోతుంది. దొంగ ఛానల్ పెట్టిన వీడియోకు తెలిసి తెలిసి లంకె ఇవ్వడం వేరు. సెక్షన్ 52లో లంకెల గురించి ఉన్న రక్షణ కూడా, అది దొంగ ప్రతి అని తెలిసినవాళ్లకు, తెలుసుకోవడానికి తగిన కారణం ఉన్నవాళ్లకు దక్కదు.

‘మాది వేదిక మాత్రమే, బాధ్యత మాది కాదు’ అన్న మాటా సొంత సైటుకు నప్పదు. 2016 డిసెంబరులో మైస్పేస్ కేసులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం, ఫలానా పాట అని కచ్చితంగా తెలిసి కూడా తొలగించకపోతేనే వేదిక బాధ్యత అంది. ఆ రక్షణ ఇతరులు ఎక్కించిన వాటికే. తానే ఎక్కించి తానే వినిపించేవాడు వేదిక కాదు.

ఊరి పాట ఎవరి సొత్తు?

తరతరాలుగా నోటినోటా వస్తున్న, ఎవరు కట్టారో తెలియని పాట మీద ఎవరికీ కాపీరైటు లేదు. అందుకే అది అందరిదీ, అందుకే అందరికన్నా ముందు కెమెరా పట్టుకున్నవాడిదీ అవుతోంది. 2021లో ‘లవ్‌స్టోరీ’ సినిమాలో సుద్దాల అశోక్‌తేజ రాయగా మంగ్లీ పాడిన సారంగదరియా పాట ఈ గొడవను వీధిలోకి తెచ్చింది. తాను సేకరించి ముందుగా పాడిన పాట అది అని జానపద గాయని కోమలి అన్నారు. దర్శకుడు శేఖర్ కమ్ముల బయటికి వచ్చి వివరణ ఇచ్చి, ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామన్నారు. ఆ పేచీ కోర్టులో కాక మాటల మీదే నడిచింది. ఎందుకంటే సేకరించినవారికి చట్టంలో ప్రత్యేకమైన చోటు లేదు.

ఇక్కడ మూడు సంగతులు విడదీసి చూడాలి. మూలపాట అందరిదీ. దానికి ఎవరైనా కొత్త చరణాలు కడితే ఆ చరణాలు కట్టినవారివి. ఒక రోజు ఒక ఒగ్గు పూజారి పాడిన తీరు, ఆ రికార్డింగు వేరే హక్కులు. రికార్డింగు ఫోను పట్టుకున్నవాడిదైనా, ప్రదర్శన పాడినవారిది. సమ్మతి లేకుండా దాన్ని రికార్డు చేయకూడదు, ప్రసారం చేయకూడదు. ముసలవ్వ సరేనని తల ఊపితే అది పాడటానికి సమ్మతి కావచ్చు, ఛానల్లో పెట్టి డబ్బు చేసుకోవడానికి సమ్మతి అయిందని చెప్పలేం.

యంత్రాల యుగంలో ప్రమాదం ఇంకోలా వస్తుంది. ఊరి పాటను ఎవరో స్టూడియోలో రికార్డు చేసి కంటెంట్ ఐడీలో ఎక్కించుకున్నాక, అదే పాట పాడుకున్న మరో ఊరివాళ్ల వీడియోకు క్లెయిమ్ రావచ్చు. రికార్డింగు మీద హక్కున్నవాడు పాట మీదే హక్కున్నట్టు నడుచుకోవడం ఇది. వివాదం పెట్టి, మూలం జానపదమని చెప్పి, తమది వేరే రికార్డింగని చూపితే గెలవవచ్చు. కానీ 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుందన్న భయంతో చాలామంది వీడియో తీసేసుకుని ఊరుకుంటారు.

ప్రపంచ మేధో సంపత్తి సంస్థ 2000 నుంచి జానపద కళారూపాల రక్షణపై చర్చలు నడుపుతోంది. 2024 మేలో జన్యు వనరులు, వాటితో ముడిపడ్డ సంప్రదాయ జ్ఞానంపై ఒప్పందం కుదిరింది కానీ అందులో పాట లేదు. కర్త ఎవరో తెలియని, ఆచూకీ దొరకని రచనలకు అనుమతి ఇప్పించే సెక్షన్ 31ఎ మన చట్టంలో ఉంది. పత్రికలో ప్రకటన వేయించి, దరఖాస్తు చేసుకోవాలి. మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డును 2021లో రద్దు చేశాక ఆ పని కోర్టుల మీద పడింది. ఒక్క పాట కోసం అంత దూరం వెళ్లేవాళ్లు అరుదు.

కాగితం మీద రాయకపోతే

ఈ ప్రాంతపు కళాకారులకు అన్నిటికన్నా పనికొచ్చేది సెక్షన్ 19. దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పాట రైట్స్ అమ్మేశామని చాలామంది నోటిమాటగా అంటుంటారు. నోటిమాట మీద కాపీరైటు చేతులు మారదు. రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ పాట, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత డబ్బు అన్నవి అందులో రాయాలి.

రాయడం మరిచిపోతే ఏమవుతుందో కూడా చట్టమే చెప్పింది. కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశమే. కొన్నవాడు ఏడాదిలోగా ఆ హక్కును వాడకపోతే, ఒప్పందంలో వేరుగా లేకుంటే, అది తిరిగి వచ్చేస్తుంది. 2012 తర్వాత రాసుకున్న ఒప్పందాల్లో, అప్పటికి వాడకంలో లేని మాధ్యమం పేరు ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ మాధ్యమం మీద హక్కు పోదు. లైసెన్సులకూ ఈ నియమాలే తగిన మార్పులతో వర్తిస్తాయి.

దీని అర్థం జగిత్యాల కళాకారుడికి ఎంతో ఉంది. ఛానల్ వాళ్లతో రాసుకున్న కాగితంలో ప్రాంతం లేకపోతే గల్ఫ్ శ్రోతల హక్కు ఇంకా కళాకారుడి దగ్గరే ఉన్నట్టు. ఈ పాటలను అక్కడ వినేవాళ్లు ఎంతమందో గుర్తుంటే ఆ వాటా చిన్నది కాదు. ఐదేళ్లు దాటిన పాత ఒప్పందాలున్నవాళ్లు పెట్టె తెరిచి ఆ కాగితాలు చదువుకోవడం మంచిది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాట పుట్టినప్పుడే హక్కు పుడుతుంది. అయినా గొడవ వస్తే తొలి సాక్ష్యంగా అది నిలబడుతుంది. పదాలకు, బాణీకి రుసుము 500 రూపాయలు, రికార్డింగుకు 2,000.

కోర్టు ఎక్కడ, శిక్ష ఎంత

తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు తగ్గించవచ్చు. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022 మేలో సుప్రీంకోర్టు నిట్‌ప్రో కేసులో తేల్చింది. చిన్న సైటును ఇది భయపెట్టేదే. నడుస్తున్న పద్ధతి చూస్తే ముందుగా వచ్చేది నోటీసే. హోస్టింగ్ సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు అందితే 36 గంటల్లో ఆ పాటను ఆపాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే మళ్లీ తెరవవచ్చు.

సెక్షన్ 62 హక్కుదారుకు తానున్న చోటే దావా వేసే వీలిచ్చింది. ముంబై కంపెనీ అక్కడికే లాగుతుందేమోనన్న భయానికి 2015లో సంజయ్ దాలియా కేసులో సుప్రీంకోర్టు కొంత హద్దు గీసింది. ఉల్లంఘన జరిగిన చోటే కంపెనీకి శాఖ ఉంటే అక్కడే వేయాలంది. ఈ సెక్షన్‌కు రెండో వైపూ ఉంది. హైదరాబాద్ ఛానల్ తన పాట ఎత్తుకుపోతే సిరిసిల్ల గాయని తన జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు. చట్టం పల్లె కళాకారుడికి ఇచ్చిన పెద్ద సౌకర్యాల్లో ఇదొకటి.

బయట ఎలా ఉంది?

అమెరికాలో శ్రోత పాట ఎంచుకోలేని వెబ్ రేడియోకు చట్టబద్ధ లైసెన్సు ఉంది. రాయల్టీ వసూలు చేసే సౌండ్‌ఎక్స్ఛేంజ్ సంస్థకు డబ్బు కట్టి, ఒకే ఆల్బమ్ నుంచి మూడు గంటల్లో మూడు పాటలు మించకుండా వేస్తే రికార్డింగు అనుమతి దొరికినట్టే. రచన, బాణీలకు అస్కాప్, బీఎంఐ వంటి సంఘాల లైసెన్సు వేరు. అక్కడి తెలుగువాళ్లు నడిపే వెబ్ రేడియోలకు ఇలా ఒక దారి ఉంది. చిన్నవాళ్లకు అదీ సుఖం కాదు. వాళ్లకున్న తక్కువ ధరల ఏర్పాటు 2015తో ముగిసేసరికి లైవ్365 అనే వెబ్ రేడియో సేవ మూతపడి, వేలాది చిన్న స్టేషన్లు ఆగిపోయాయి. బ్రిటన్‌లో పీఆర్ఎస్ సంఘం చిన్న ఆన్‌లైన్ సైట్లకు వేరే లైసెన్సు ఇస్తుంది. ఒక దేశపు లైసెన్సు సాధారణంగా ఇంకో దేశపు శ్రోతలకు వర్తించదు.

చివరికి తేలేది

మొదట చెప్పిన ముగ్గురి దగ్గరికి వద్దాం. సినిమా పాటల అభిమానికి నేటి చట్టంలో తేలికైన దారి అధికారిక ఛానళ్ల ఎంబెడ్ ఒక్కటే. ఇది అన్యాయమనిపిస్తే తప్పు లేదు. లాభం ఆశించని చిన్న సైట్లకు ఏడాదికి ఒక స్థిర రుసుముతో పదాలు, బాణీ, రికార్డింగు మూడింటికీ కలిపి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఐపీఆర్ఎస్, కంపెనీలు కలిసి చేయదగిందే. పార్లమెంటు 31డిని సవరించేదాకా ఆగనక్కర్లేదు.

సేకర్తకు చట్టం అడ్డు లేదు, పని క్రమం కావాలి. పాడినవారి సమ్మతి రాతలోనో, రికార్డులోనో తీసుకోవాలి. పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎప్పుడు రికార్డు చేశారో పాట పక్కనే రాయాలి. రేపు ఎవరైనా ఆ పాట తమదేనంటే ఆ తేదీ, ఆ ఊరి పేరు సాక్ష్యం చెబుతాయి. కళాకారులు ఒప్పుకుంటే వ్యాపారేతర వాడకానికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెట్టవచ్చు. దాన్ని వెనక్కి తీసుకోలేమని మాత్రం వాళ్లకు ముందే చెప్పాలి.

సొంత పాట ఉన్నవాడి దగ్గర లైసెన్సు ఇప్పటికే ఉంది. కావాల్సింది తెలుగులో ఒక్క పేజీ ఒప్పంద పత్రం. అందులో పాట పేరు, హక్కు, కాలం, దేశాలు, డబ్బు అనే ఐదు ఖాళీలుంటే చాలు. జిల్లా సాంస్కృతిక శాఖో, న్యాయ సేవాధికార సంస్థో, కళాకారుల సంఘమో అలాంటి పత్రం అచ్చువేసి స్టూడియోల్లో పెడితే ఖర్చు కాగితానిదే. కొత్త చట్టం వచ్చేదాకా ఎదురుచూడకుండా మన చేతిలో ఉన్న పని ఇది. పాడిన రోజే ఐదు ఖాళీలూ నింపుకుంటే, రేపు లైసెన్సు కోసం అవతలివాళ్లే జగిత్యాలకు, సిరిసిల్లకు రావాలి.